తేటనీళ్ల గుంత

బోధన్ నుంచి వర్నికి పోయే రోడ్డు పక్కన కట్టకింది కాలనీ ఉంది. సాయంత్రం ఐదయ్యిందంటే అక్కడ ప్రతి గడప ముందూ ఆడవాళ్లు ఒడిలో చాట పెట్టుకుని బీడీలు చుడుతూ కనిపిస్తారు. ఒక చేతిలో ఆకు, ఇంకో చేతిలో దారం. కాళ్ల మీద దోమలు వాలితే కొట్టుకోవడానికి చెయ్యి ఖాళీ ఉండదు. పాదంతో పాదాన్ని రుద్దుకుని మళ్లీ పనిలో పడతారు. దారిన పోయేవాళ్లు దాన్ని పెద్దగా పట్టించుకోరు. పట్టించుకోవాల్సినవాళ్లు అసలు పట్టించుకోలేదు.

ఆ వరుసలో చివరి ఇల్లు భూమవ్వది. కొడుకు రాజేష్ చెరకు ట్రాక్టరు నడుపుతాడు. కోడలు రోజాకు ఐదో నెల. వాళ్ల ఇంటి వెనకాలే పెద్ద గుంత ఉంది. కాలనీకి కమ్యూనిటీ హాలు కడతామని ఎండాకాలంలో పునాదులు తవ్వించారు. కొబ్బరికాయ కొట్టి ఫోటోలు దిగినవాళ్లు మళ్లీ రాలేదు. కాంట్రాక్టరు యంత్రాన్ని తోలుకుపోయాడు. వానలు పడ్డాయి, గుంత నిండింది. నీళ్లు ఎంత తేటగా ఉన్నాయంటే కాలనీ ఆడవాళ్లు అందులో బిందెలు కూడా కడుక్కునేవాళ్లు.

ఆగస్టులో రోజాకు చలిజ్వరం పట్టుకుంది. రెండు దుప్పట్లు కప్పినా పళ్లు టకటకా కొట్టుకునేవి. గంట తర్వాత ఒళ్లు కాలిపోయేది. చెమట పట్టి దిగిపోయేది, మర్నాడు మళ్లీ వచ్చేది.

"కడుపుతోని ఉన్నప్పుడు గిట్లనే అయితది బిడ్డా," అంది భూమవ్వ. ఊళ్లో ప్రాక్టీసు చేసే ఆర్ఎంపీ రక్తం చూడకుండానే సూది వేశాడు, సెలైన్ ఎక్కించాడు. అలా ఐదు రోజులు గడిచాయి.

ఆరో రోజు ఆశా కార్యకర్త రేణుకమ్మ వచ్చింది. వారం రోజులుగా పక్క ఊళ్లలో సర్వే పనికి పంపడంతో ఆమెకు ఈ కబురు ఆలస్యంగా తెలిసింది. రోజా వేలు గుచ్చి పరీక్ష పట్టీ మీద చుక్క వేసింది. గీతలు కనిపించగానే ఆమె ముఖం మారింది.

"భూమవ్వా, ఇది మలేరియా. గా పెద్దరకందే, పాణం మీదికి తెచ్చేది. ఇప్పుడే నిజామాబాద్ పోవాలె. బండి పిలుస్తున్న."

"బిడ్డ మంచిగుంటదా రేణుకమ్మా?"

రేణుకమ్మ ఫోన్ చెవికి పెట్టుకుని బయటికి నడిచింది.

నిజామాబాద్‌లో డాక్టర్లు రోజాను బతికించారు. కడుపులోని బిడ్డ దక్కలేదు. ఇంటికి వచ్చాక రోజా ఇరవై రోజులు ఎవరితోనూ మాట్లాడలేదు. చాట ముందు కూర్చునేది కానీ వేళ్లు కదిలేవి కావు.

కాలనీలో ఇంకో పదకొండు మందికి మలేరియా తేలింది. అప్పుడు వచ్చారు అధికారులు. పొద్దున్నే జీపు ఆగింది. మైకు పెట్టారు, బ్యానరు కట్టారు. మురుగు పారే మోరీల మీద తెల్లటి పొడి చల్లి ఫోటోలు తీసుకున్నారు. మధుకర్ అనే అధికారి మైకు అందుకున్నాడు.

"చూడండమ్మా, మీరు శుభ్రంగా ఉండరు. మురికిలో ఉంటే రోగాలు రాకుండా ఎలా ఉంటాయి? ముందు మీరు మారాలి."

జనం తలలు దించుకున్నారు. ఎన్నేళ్లుగానో వింటున్న మాట అది. రేణుకమ్మ మాత్రం లేచి నిలబడింది. ఉద్యోగం పోతుందన్న భయం లేకపోలేదు, కానీ కోపం అంతకంటే పెద్దదైపోయింది.

"సార్, ఒక్కసారి నా ఎంబడి రండ్రి."

అందరినీ గుంత దగ్గరికి తీసుకుపోయింది. భూమవ్వ ఇంట్లోంచి తెల్లగిన్నె అడిగి తెచ్చి, గుంత అంచున నీళ్లు ముంచి ఆయన ముందు పట్టింది.

"నీళ్లు బాగానే ఉన్నాయి కదా," అన్నాడాయన.

"మంచిగ సూడుండ్రి సార్. పైన అడ్డంగ పండుకొని మెదులుతున్నయి గదా, గవి మలేరియా దోమ పిల్లలు. గీ దోమ మోరీల పుట్టదు, గిసొంటి తేట నీళ్లలనే గుడ్లు పెడ్తది. గీ గుంత పూడ్సుండ్రని నేను మూడుసార్లు రాసిచ్చిన. మూడుసార్లూ మోరీల మీద పొడి సల్లి పోయిండ్రు."

మధుకర్ గొంతు సవరించుకున్నాడు. "సరే, పైకి రాస్తాను. వారంలో..."

"వారమా?"

ఆ మాట అన్నది రోజా. ఇరవై రోజుల తర్వాత ఆమె గొంతు విని భూమవ్వ ఉలిక్కిపడింది.

"మేము మురికోళ్లమన్నరు గద సార్. రోజూ ఇల్లు ఊడ్సుకుంటం, వాకిలి అలుక్కుంటం. గీ గుంత ఎవరు తవ్విండ్రు? మేము తవ్వినమా? నా బిడ్డ పాణం మీ గుంతల పోయింది. ఇగ వారం ఆగమంటున్నరా?"

ఆమె నడుచుకుంటూ పోయి జీపు ముందు నేల మీద కూర్చుంది. భూమవ్వ పోయి పక్కన కూర్చుంది. ఒక్కొక్కరే కాలనీ ఆడవాళ్లంతా వచ్చి కూర్చున్నారు. మధుకర్ బతిమాలాడు, గదమాయించాడు. ఎవరూ లేవలేదు. చివరికి ఎండలో నిలబడే ఫోన్లు చేశాడు. మూడు నెలలుగా రాని మొరం మట్టి ట్రాక్టర్లు మధ్యాహ్నం మూడింటికి వచ్చాయి. రాజేష్ కూడా తన ట్రాక్టరు తెచ్చి కలిపాడు. సాయంత్రానికి గుంత పూడింది.

తర్వాతి నెల రేణుకమ్మ ఇల్లిల్లూ తిరిగి రక్తం చూసింది. ఇద్దరికే మలేరియా తేలింది, ఆ తర్వాతి నెల ఎవరికీ లేదు. రోజాకు మాత్రం పోయింది తిరిగి రాలేదు. ఎవరి మీదా కేసు లేదు, ఎవరికీ శిక్ష పడలేదు.

ఒక మధ్యాహ్నం రేణుకమ్మ మందులు ఇవ్వడానికి వచ్చినప్పుడు భూమవ్వ అడిగింది, "ఒక్కపూట పనికి మూడు నెల్లెందుకు పట్టింది బిడ్డా?"

"మనం ఎవ్వలం అడుగమని వాళ్లకు ధైర్యం అవ్వా," అంది రేణుకమ్మ. "జ్వరమొస్తే అదేరోజు రక్తం సూపియ్యాలె, నీళ్లు నిలువనియ్యద్దు. గది మన పని. వాళ్ల పని వాళ్లు చెయ్యకపోతే గల్లా పట్టి అడుగుడు గూడ మన పనే. దోమ కుడితే జ్వరమే వస్తది, మనం నోరు మూసుకుంటే పాణాలు పోతయి."