మామగారి పళ్లెం

పచ్చిబఠాణీ కాయలు ఒలుస్తోందన్న మాటే గాని కోడలి మనసు వాటి మీద లేదు. ఆమె ఆఫీసులో వేల ప్రాసెసర్లను కలిపి ఒక సూపర్ కంప్యూటర్ కడుతున్నారు. వాటి మధ్య లెక్కలు నడిచే దారులు గీసింది ఆమే. విడ్డూరమేమిటంటే, ప్రాసెసర్లు పెంచినకొద్దీ యంత్రం నెమ్మదిస్తోంది. సాయంత్రంలోగా కారణం తేల్చకపోతే పని వేరేవాళ్లకిస్తానని పైఅధికారి తెగేసి చెప్పాడు.

ఇంట్లోనేమో మధ్యాహ్నం భోజనానికి చుట్టాలు. ఈ కాయలు ఒలిచాకే గడప దాటాలని అత్తగారి శాసనం.

తలా కాసిని పంచుకుంటే చిటికెలో అయిపోతాయని భర్తనీ, మామగారినీ, ఆడపడుచునీ కూర్చోబెట్టింది కోడలే. కానీ పురుగు చూసేది మాత్రం అత్తగారొక్కరే. నలుగురూ పళ్లేలు పట్టుకుని వంటింటి గుమ్మంలో బారులు తీరారు.

"త్వరగా చూడవే అమ్మా, కాళ్లు పీకుతున్నాయి," అంది ఆడపడుచు.

"నాకేమన్నా పది కళ్లున్నాయా? పురుగొస్తే మాట పడేది నేను!"

"ఇక్కడ నిలబడే బదులు ఇంకో గంపెడు ఒలిచేవాణ్ణి," గొణిగాడు కొడుకు.

"ఒలిచావులే! సగం నోట్లోకే పోయాయి."

రెండో విడతకి మామగారు కుర్చీ దిగలేదు. తన పళ్లెం కొడుకు పళ్లెంలో గుమ్మరించి కాళ్లు చాపారు.

"ఎలాగూ వెళ్తావుగా, నావీ చూసి పట్టుకుపో."

ఆ సుఖం చూసి ఆడపడుచుకీ ఒళ్లు బరువెక్కింది.

"వదినా, నీ కళ్లు చురుకు. నావి కాస్త చూసిపెట్టవూ!"

కోడలు రెండు పురుగులు ఏరిపారేసి, అన్నీ కలిపి భర్త పళ్లెంలోకి ఒంపింది. అత్తగారి ముందుకి ఈసారి వచ్చింది ఒకే పళ్లెం. గుమ్మం బోసిపోయింది.

"ఏమండీ, మీ బద్ధకం ఇంటిల్లిపాదికీ అంటించారా!"

"అంటించబట్టే కదుటే నీ పని తేలికయింది?"

కోడలి చేతిలో కాయ అలాగే ఉండిపోయింది. అక్కడ తన ప్రాసెసర్లన్నీ లెక్కలు పట్టుకుని ఒక్క ప్రాసెసర్ గుమ్మంలోనే నిలబడుతున్నాయి. ఎన్ని పెంచితే అంత బారు! పక్కదాని పళ్లెంలో ఒంపే దారి ఒక్కదానికీ గీయలేదు తను. మామగారిపాటి బద్ధకం కూడా నేర్పలేదు.

"అమ్మాయ్, నీ దగ్గర ఇంకా గుప్పెడు మిగిలాయే!" కేకేశారు అత్తగారు.

కోడలు లేచి, ఆ గుప్పెడూ మామగారి ఒళ్లో పోసి, జడకి అంటుకున్న తొక్కతోనే చెప్పులేసుకుని గడప దాటింది.