దాసు వంచిన కమ్మీలు

క్రషింగు మొదలైతే చోడవరం నుంచి గోవాడ వెళ్లే రోడ్డు మీద చెరకు బళ్లు బారులు తీరేవి. చక్కెర ఫ్యాక్టరీ గేటు చేరేదాకా బండివాళ్లకి ఆకలి తప్ప వేరే పని ఉండేది కాదు. డెబ్బయ్యొకటిలో వాళ్ల కోసమే రహమతున్నీసా రోడ్డు పక్కన చెరకు పిప్పి పొగబెట్టి, నిప్పుల మీద మేక పక్కటెముకలు కాల్చి అమ్మేది. మొగుడు పోయాక అనకాపల్లి నుంచి వచ్చి ఇక్కడ పొయ్యి పెట్టుకున్న మనిషి.

మొదట్లో పక్కటెముకల బద్దల్ని ఇనుప జల్లెడ మీద పరిచేది. కింద మాడేది, పైన పచ్చిగా ఉండేది. ఆ అవస్థ చూసి కమ్మరి దాసు ఒక స్టాండు చేసి తెచ్చాడు. అడుగున చట్రం, దాని మీద వంచిన కమ్మీలు. ఆ సందుల్లో బద్దల్ని నిలువుగా పెట్టి, మధ్య వేలెడు ఖాళీ వదిలితే, సెగా పొగా రెండు వైపులా తగులుతాయి. ఆ స్టాండులో నిలబెట్టిన పక్కటెముకలు ఊపిరి తీసుకునేవి. పొంగేవి, తగ్గేవి. ఊపిరి ఆగిందంటే కాలినట్టు. దాంతో రహమతున్నీసాకి తిప్పే పనీ, గుచ్చి చూసే పనీ తప్పిపోయాయి.

"ఇంకా ఆడతంది, ఆగండ్రా" అనుకుంటూ బండివాళ్లు దొన్నెలు పట్టుకుని కూచునేవారు.

కడుపు మండింది మాత్రం దాసు పెళ్లాం అప్పలనరసమ్మకి. ఊళ్లో నాగళ్లన్నిటికీ పదును పెట్టే మహానుభావుడు ఇంట్లో కత్తిపీట మొహం చూడడు. కాపురానికి వచ్చిన దగ్గర్నుంచీ ఒక్క అట్లకాడ చేసిపెట్టిన పాపాన పోలేదు. రోడ్డు పక్కావిడకి మాత్రం అడక్కుండానే స్టాండు!

"ఏటి మావా, దానికంత ముద్దుగా వంచేవు కమ్మీలు?"

"ముక్కలు మాడిపోతన్నాయే. సూడలేకపోయేను."

"నా అట్లు మాడిపోతే సూడగలవు గావాల."

దాసు నవ్వేసి కొలిమి దగ్గరకి పోయాడు. ఆ నవ్వుకి ఆమె ఒళ్లు మరీ మండింది.

ఒక మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక, సంగతేదో తేల్చుకుందామని రహమతున్నీసా పొయ్యి దగ్గరకి వెళ్లింది. "రా అక్కా, కూచో" అని ఆవిడ పీట వేసింది. ఆ మర్యాద కూడా అప్పలనరసమ్మకి నచ్చలేదు. గాజుల్లేకపోయినా ఆ చేతులు ఎంత నిండుగా ఉన్నాయో చూసింది. దాసు కూడా చూసే ఉంటాడనుకుంది. ఆ మంటతోనే స్టాండు వైపు వంగింది.

లోపలికి పొడుగ్గా వెళ్తోంది ఊపిరి. బయటికి వచ్చేటప్పుడు చివర్న సన్నగా ఈల వేస్తోంది. ఇన్నేళ్లుగా పక్కలో వింటున్న ఈల. దాసు ఊపిరి అది.

ఆమెకి కళ్లనీళ్లు తిరిగాయి. తనకి ఇనప ముక్క ఇవ్వని మనిషి దీనికి ఊపిరే ఇచ్చేశాడు. ఆ స్టాండుని ఎగిరిపడేలా తన్నాలని కాలు వెనక్కి తీసింది.

అప్పుడే ఈల సగంలో తెగింది. ముక్కలు మళ్లీ పొంగలేదు.

"కాలిపోయేయి" అంటూ రహమతున్నీసా పటకారుతో ఒక బద్ద తీసింది. ఎముక మొదట్లో నెత్తురు ఇంకా ఎర్రగా ఉంది. "ఇదేటి, పచ్చిగానే ఉందే!"

"మా మావకేదో అయిపోయింది, రండ్రా!" అని అరుస్తూ అప్పలనరసమ్మ కొలిమి వైపు పరిగెత్తింది.

ఒక బండివాడు దొన్నె పడేసి, "నా బండి కిందే ఉన్నాడు, ఇరుసు సూస్తన్నాడు" అంటూ ఆమెని దాటిపోయాడు. మిగిలినవాళ్లూ వెనకాలే పరిగెత్తారు.

కొలిమి ముందు బండి ఒరిగిపోయి ఉంది. ఆనించిన కర్ర జారిపోయింది. కింద దాసు, గుండె మీద ఇరుసు. బండివాళ్లు భుజాలు పెట్టి ఎత్తారు. అప్పలనరసమ్మ చంకల కింద చేతులేసి బయటికి లాగింది. రొమ్ము రుద్దింది, పిలిచింది, నోటికొచ్చినట్టు తిట్టింది. ఎంతకో దాసు దగ్గాడు, ఊపిరి తీశాడు.

సాయంత్రం రహమతున్నీసా ఆకులో పక్కటెముకలు కట్టుకుని చూడ్డానికి వచ్చింది. దాసు మంచం మీద మగతగా ఉన్నాడు. ఆడవాళ్లిద్దరూ గుమ్మంలో కూచున్నారు.

"నువ్వు పరిగెత్తేక కాసేపటికి ముక్కలు మళ్లీ ఊపిరి తీసేయి అక్కా. మీ ఆయనకేదో అయిందని అక్కడుండి నీకెలా తెలిసిందో నాకిప్పటికీ తెలీలేదు."

అప్పలనరసమ్మ ఆవిడ మొహంలోకి తేరిపార చూసింది. "ఆ ఊపిరెవరిదో నీకు తెలీదా?"

"ఎవరిదేటి? మేకది కాదా?"

రోజంతా దాని పక్కనే కూచునే మనిషికి తెలియదు! అప్పలనరసమ్మకి నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. చెప్పేస్తే పోయేదేమీ లేదు. అయినా చెప్పబుద్ధి కాలేదు.

"మేకదే. మరెవరిదవుతాది?" అని ఆకు విప్పి, పెద్ద ఎముక ఏరుకుని కొరికింది.