ఎనామెల్ కింది గీతలు

పళ్ళ డాక్టరుకు కఫ్‌లింకుల పిచ్చి. చొక్కా చేతుల అంచుల్ని కలిపి పట్టే ఆ జత గుండీల కోసం పాత సామాన్ల కొట్లన్నీ జల్లెడ పట్టేవాడు. బీరువా సొరుగులు నిండిపోయాయి. "మీకున్నవి రెండు చేతులేగా," అనేది భార్య.

అతని మేనమామ వయొలిన్ వాయించి రిటైరైనవాడు. ఆయన దగ్గరున్నది ఒకే ఒక్క జత. నీలం ఎనామెల్ గాజుపూత, బంగారు అంచు, రెండు ముఖాల్నీ కలుపుతూ సన్నని గొలుసు. తొలి కచేరీ నాడు గురువుగారిచ్చినవి. ఒకరోజు పన్ను చూపించుకోవడానికి వచ్చి, నోరు తెరిచే ముందు చేతులు చాపాడాయన.

"వీటి సంగతి నీకు తెలుసుగా. ఎలాంటివంటావురా?"

డాక్టరు భూతద్దం పెట్టి చూశాడు. నీలం అడుగున సన్నని గీతలు అలల్లా మెరుస్తున్నాయి. ఇలాంటి జత కోసమే అతని కళ్ళు కాయలు కాచాయి. మేలైనవంటే మామయ్య వదలడు. నాసిరకమంటే "అయితే నువ్వే ఉంచుకో" అనేస్తాడు. ఆయనది ఎముక లేని చెయ్యి.

"ఇత్తడి, మామయ్యా. పైన రంగు పూత. అప్పట్లో గుట్టలు పోసి అమ్మేవారు."

మామయ్య ఉంచుకోమనలేదు. వాటిని విప్పి జేబులో వేసుకున్నాడు.

"బంగారంలాంటి వాడికి బంగారమే ఇవ్వాలన్నారురా గురువుగారు. ఉత్త మాటలన్నమాట."

వెళ్ళేటప్పుడు చొక్కా చేతులు మోచేతుల దాకా మడుచుకుని వెళ్ళాడు. నిజం చెప్పాలని డాక్టరు గుమ్మం దాకా వచ్చాడు. అయినా పిలవలేదు.

కొన్నాళ్ళకు గ్రంథాలయం వాళ్ళు కఫ్‌లింకుల చరిత్ర మీద మాట్లాడమన్నారు. ముందు వరుసలో మామయ్య, అత్తయ్య. మామయ్య మామూలు గుండీల చొక్కాలో వచ్చాడు. డాక్టరు అటు చూడకుండా మొదలుపెట్టాడు. మొదట్లో చేతుల అంచుల్ని నాడాలతో కట్టుకునేవారనీ, తర్వాత గొలుసుతో కలిపిన గుండీలు వచ్చాయనీ, గంజి పెట్టి అట్టలా చేసిన అంచుల్లో మామూలు గుండీ దూరక వీటికి గిరాకీ పెరిగిందనీ చెబుతుంటే సభ చెవులప్పగించి విన్నది.

"మంచి ఎనామెల్‌ని ఎలా గుర్తుపట్టాలండీ?" అని వెనక నుంచి ఎవరో అడిగారు.

ఇష్టమైన ప్రశ్న. నోటికి పగ్గాలు తెగాయి. "ముందు లోహం మీద గీతలు చెక్కుతారు. దాని మీద ఎనామెల్ కరిగించి పోస్తారు. వెలుగులో తిప్పితే అడుగున అలలు కదులుతున్నట్టు..."

మామయ్య కుడిచేతి వేళ్ళు ఎడమ మణికట్టును తడుముతున్నాయి.

"మీవీ అంతేగా?" అంది అత్తయ్య. గుసగుసే అయినా ముందు వరుసంతా విన్నది.

"ఊరుకో," అన్నాడు మామయ్య.

డాక్టరుకూ అది వినబడింది. మిగతా ఉపన్యాసం ఎలా ముగించాడో అతనికే తెలియదు. అందరితో పాటు మామయ్యా చప్పట్లు కొట్టాడు. ఆ చప్పట్లకు డాక్టరుకు తల కొట్టేసినట్టయింది. గుమ్మం దగ్గర, "బాగా చెప్పావురా," అని మాత్రం అని వెళ్ళిపోయాడాయన.

మర్నాడు పొద్దున్నే వాళ్ళింటికి వెళ్ళాడు. కూర్చోమంటే కూర్చోలేదు.

"అవి అసలైనవే, మామయ్యా. నాకు కావాలనిపించి అబద్ధమాడాను."

మామయ్య వయొలిన్ తీగ బిగిస్తున్నవాడల్లా చెయ్యి ఆపాడు.

"నా వస్తువును చులకన చేశావని కాదురా. ఇన్నాళ్ళూ గురువుగారే నన్ను మోసం చేశారనుకున్నాను. పోయిన మనిషిని రోజూ మనసులో తిట్టుకున్నాను. అది ఎవరికి చెప్పుకోను?"

క్షమించమనకుండానే డాక్టరు గుమ్మం వైపు తిరిగాడు. మామయ్య మళ్ళీ తీగ మీదికి వంగాడు.

అత్తయ్య గేటు దాకా వచ్చింది. ఎప్పుడూ భోంచేసి వెళ్ళమనే మనిషి.

"కొన్నాళ్ళు రాకు నాయనా," అంది మెల్లగా.

సరేనన్నట్టు తలూపాడు. ఇంట్లో భార్యకు ఏమని చెప్పాలో తెలియక, వీధి చివర ఇంటి దారి వదిలి రెండోవైపు నడిచాడు.