పక్కన మనిషి ఉన్నట్టే తెలియని పరుపు

మా పరుపుల కొట్లో అమ్మకానికి ఒకటే మంత్రం. కొనేవాళ్ళని శాంపిల్ పరుపు మీద ఒక చివర పడుకోమంటాను. రెండో చివర నేను ధబీమని కూర్చుంటాను. "చూశారా, పక్కన మనిషి ఉన్నట్టే తెలియదు!" అంటాను. పెళ్ళయినవాళ్ళ ముఖాలు వెలిగిపోతాయి.

ఆ పరుపు మీదే గురక ఎవరిదని ఆవిడ, ఫ్యాను ఎంతలో పెట్టాలని ఆయన, ఇంటి పంచాయితీ అంతా నా ముందు పెడతారు. అవి వినీ వినీ నాకు పెళ్ళి మీద మోజు పోయింది. ఈమధ్య నా వయసువాళ్ళంతా ఒంటి పరుపులే అడుగుతున్నారు. వాళ్ళు పరుపుల కొట్లో పని కూడా చేయలేదు పాపం.

అమ్మ పోయాక నన్ను పెంచిన పిన్ని చివరికి విసిగిపోయింది. "ఈ ఒక్క అమ్మాయినీ చూడరా నాయనా. కాదన్నావంటే ఇక నీ జోలికి రాను."

ఆ అమ్మాయి నర్సు. నైట్ డ్యూటీ దిగి నేరుగా కొట్టుకే వచ్చింది.

"పెళ్ళి వద్దని చెప్పడానికొచ్చానండీ."

"హమ్మయ్య! నేనూ అదే చెబుదామనుకున్నా."

"ఎలాగూ వచ్చాను, ఒంటి పరుపు చూపించండి."

శాంపిల్ పెద్దదొక్కటే ఉంది. ఆమె పడుకుంది. అలవాటుకొద్దీ రెండో చివర ధబీమని కూర్చుని మంత్రం చదివాను.

"తెలియనప్పుడు పక్కన మనిషెందుకండీ?" అంది.

కంపెనీవాళ్ళు నేర్పిన జవాబులన్నీ ఒక్కొక్కటే గుర్తుచేసుకున్నాను. సరిపోయేది దొరికేలోపు ఆమె నిద్రపోయింది.

ఉక్కగా ఉందని ఫ్యాను పెంచాను. చలేస్తుందేమోనని తగ్గించాను. మళ్ళీ పెంచాను. ఇళ్ళల్లో తగవు ఎందుకొస్తుందో అప్పుడర్థమైంది. షట్టర్ సగం దించాను. ఒక జంట వంగి తొంగిచూసింది.

"శాంపిల్ ఖాళీ లేదండీ," అన్నాను గుసగుసగా.

"ఇంత శ్రద్ధగా చూసి కొనాలి. నేర్చుకో," అని భార్య ఆయన్ని లాక్కుపోయింది.

మధ్యాహ్నం దాటాక ఆ అమ్మాయి లేచింది. "లేపలేదేం?"

"బుద్ధి పుట్టలేదు."

"ఇంట్లో కళ్ళు మూతపడగానే పెళ్ళెప్పుడని లేపుతారు. చాలా థ్యాంక్సండీ."

"నేనే చెప్పాలి," అన్నాను. ఎందుకని ఆమె అడగలేదు, బతికిపోయాను.

పిన్ని ఫోన్ చేసింది. "ఏమందిరా?"

"వద్దంది."

"నువ్వు?"

"నేనూ వద్దన్నా."

అటువైపు నిట్టూర్పు.

"రేపు మళ్ళీ వస్తుందట పిన్నీ. నిద్రలో పరుపు సరిగ్గా చూడలేదట."

పిన్ని ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

"థ్యాంక్స్ పిన్నీ," అన్నాను. "నా జోలికి రావడం మాత్రం మానకు."