వంతు గడియారం

"గురువారం నీళ్ళొదుల్తారు సామీ. పొద్దున ఆరుకి ఇది నడవాల," అన్నాడు శేషప్ప, తువ్వాలు ముడి ఇంకా విప్పకుండానే.

చక్రపాణి కంటికి తగిలించుకున్న భూతద్దం తీసి బల్ల మీద పెట్టాడు. ఆదోని బస్టాండు వెనక సందులో అతని గడియారాల రిపేరు కొట్టు. బల్లకీ గోడకీ మధ్య ఒక మనిషి పక్కకి తిరిగి కూర్చుంటే సరిపోయేంత చోటు. పందొమ్మిది వందల ఎనభై ఒకటి, ఆగస్టు నెల. ఆ రోజు శుక్రవారం. అంటే చేతిలో ఆరు రోజులు.

తువ్వాల్లోంచి గొలుసు గడియారం బయటపడింది. అరచేతిలో నిండుగా పట్టేంత పెద్దది. ముఖం మీద కంపెనీ పేరు ఎప్పుడో అరిగిపోయింది.

"ఎట్ల పడింది?"

"తూము కాడ బండ మీద తుడుస్తాంటే జారింది. అంతే. సప్పుడు ఆగిపాయె."

శేషప్పకి అరవై దాటాయి. ఎమ్మిగనూరు దారిలో కుంటగల్లు అతని ఊరు. ఆ ఊరి పంటకాలువ మీద ఒక తూము కింద ఎనిమిది కుటుంబాల చేలున్నాయి. తూము తెరిచేది పొద్దున ఆరుకి, మూసేది రాత్రి ఎనిమిదికి. ఆ పద్నాలుగు గంటల్నీ ఎకరాల లెక్కన వంతులేసుకున్నారు. వంతు మొదలైందన్నా, అయిపోయిందన్నా శేషప్ప గడియారమే సాక్షి. తూము పక్కన బండ మీద ఇత్తడి పళ్ళెంలో దాన్ని పెడతారు. శేషప్ప తప్ప ఇంకెవరూ ముట్టరు. అతని తండ్రి నాటి నుంచీ అదే కట్టుబాటు.

"ఊళ్ళో చేతి గడియారాలు లేవా?"

"ఎందుకు లేవు? కాశప్ప కాడ ఉండాది. మొదటి చేను ఆయప్పదే. గడియారం చెడిపోతే పోనీలే, నేను సూస్తానని అప్పుడే అంటాండాడు. రెండేండ్ల కిందట నేను జొరంతో పండుకుంటే వారం దినాలు ఆయప్పే సూసినాడు. ఆ వారం ఆయప్ప మడిలో కప్పలు ఈదినాయి. మిగతా చేలల్లో దుమ్ము లేసింది."

చక్రపాణి నవ్వుతూ వెనక మూత తెరిచాడు. నవ్వు సగంలో ఆగింది. లోపల చక్రాల మధ్య ఎర్రగా, పచ్చగా ఏదో ముద్ద ఎండి అట్టకట్టి ఉంది.

"ఇదేమప్పా?"

"పసుపు, కుంకం. ఆయుధ పూజ నాడు పెడతాం గదా. ఒక సుక్క ఆముదం గూడా."

"లోపలా?"

"ప్రాణం లోపలే గదా సామీ ఉండేది. మూతకి పెడితే ఏమొస్తాది?"

ముప్పై నలభై ఏళ్ళుగా ఏటేటా పూజ చేసి చేసి గడియారాన్ని ఈ స్థితికి తెచ్చారు. ఇన్నాళ్ళు నడవడమే వింత. భూతద్దం పెట్టుకుని చూశాడు. అటూ ఇటూ ఊగే బ్యాలెన్సు చక్రం ఒక పక్కకి ఒరిగిపోయి ఉంది. దాని ఇరుసు విరిగింది. ఆ ఇరుసు పొడవు గోధుమగింజంత. దాని కొనలు తల వెంట్రుకంత.

"ఈ సామాను దొరకదు శేషప్పా. ఇట్లాంటిదే మూడేళ్ళ కిందట ఒకటొచ్చింది. మద్రాసుకి రాసినాను, బొంబాయికి రాసినాను. ఆ కంపెనీయే లేదన్నారు."

శేషప్ప వెళ్ళిపోలేదు. బల్ల అంచు మీద రెండు చేతులూ పెట్టి గడియారాన్నే చూస్తూ నిలబడ్డాడు.

"చేస్తాను," అన్నాడు చక్రపాణి చివరికి. "దొరకనిదాన్ని చేసుకోవాల్సిందే. బుధవారం సాయంత్రం రా."

చక్రపాణి మంత్రాలయం వాడు. తండ్రి మఠం కొలువులో ఉండేవాడు. ఆ కొలువు కాదని ఇతను గడియారాలు పట్టుకున్నందుకు బంధువుల్లో ఇప్పటికీ వెటకారాలున్నాయి. ఇట్లాంటి పని వచ్చినప్పుడు మాత్రం అతనికి ఆ వెటకారాలేవీ గుర్తుండవు.

శనివారమంతా ఇరుసు చెక్కడానికి ఇంట్లో కుట్టుమిషను సూదులతో గడిచింది. చేతి సూది మరీ సన్నం, మిషను సూది మొదలైతే సరిపడా లావుంటుందని అతని లెక్క. ఉక్కు మంచిదే. కానీ ఇంటి మిషను సూదికి మొదలు దగ్గర ఒక పక్క చదునుగా ఉంటుంది. చదును అరిగి గుండ్రమయ్యేసరికి లావు చాలకుండా పోతోంది. భార్య తులసీబాయి డబ్బాలోని సూదులు రెండూ అట్లాగే పోయాయి.

"నా రవిక సంగతేం చేస్తారు?" అంది ఆమె.

"గురువారం తర్వాత."

ఆదివారం ఎమ్మిగనూరు బస్సెక్కాడు. శ్రావణమాసం కావడంతో బస్సు నిండా ఉరుకుంద ఈరన్న భక్తులే. ఒంటికాలి మీద నిలబడి, ఎవరిదో కొబ్బరికాయల సంచి పొట్టకి ఆనించుకుని, ఎట్లాగో దిగాడు. అక్కడ ప్రభుదాసు ఉన్నాడు. అంగీల ఫ్యాక్టరీ మిషన్లు బాగుచేస్తాడు. వాటి సూదులకి మొదలు గుండ్రంగా ఉంటుంది.

"గడియారానికి అంగీ కుడతాండావా అన్నా?" అన్నాడు ప్రభుదాసు, సూదుల పొట్లం విప్పుతూ.

"లంగోటీ. రెండియ్యి చాలు."

"ఐదు తీసుకో. నీ చెయ్యి సంగతి నాకు తెల్సు."

అతను చెప్పింది నిజమైంది. మొదటి సూదిని దీపం మీద కాచాడు చక్రపాణి. కాచేటప్పుడు ఉక్కు ముందు ఎండుగడ్డి రంగుకి తిరుగుతుంది, తర్వాత ఊదా, ఆ తర్వాత నీలం. నీలం తిరిగిన క్షణంలోనే తీయాలి. ముందు తీస్తే పెళుసుగా ఉండి విరుగుతుంది, ఆలస్యమైతే మెత్తబడి వంగుతుంది. మొదటిది మెత్తబడింది. రెండోది నీలంలో కుదిరింది.

దాన్ని బల్ల మీది చిన్న చేతి లేతుకి బిగించాడు. గుర్రపు వెంట్రుక కట్టిన వెదురు విల్లు ఎడమ చేత్తో ముందుకీ వెనక్కీ లాగుతుంటే సూది తిరుగుతుంది. కుడి చేతిలో ఉలి. విల్లు ముందుకొచ్చినప్పుడే ఉలి తాకాలి, వెనక్కి పోయేటప్పుడు తప్పుకోవాలి. ఆదివారం సగం, సోమవారం మధ్యాహ్నం దాకా అదే పని. చివర మెరుగు పెట్టేటప్పుడు కొన పుటుక్కున విరిగి ఎటో ఎగిరిపోయింది. వెతకలేదు. మూడో సూది తీశాడు.

మంగళవారం పొద్దున ఆరుకి గడియారం టిక్కుమంది.

అంతకుముందే చక్రాలన్నిటినీ పెట్రోలులో కడిగాడు. ఒక్కదాన్ని మాత్రం తెరవలేదు. అది పెద్ద స్ప్రింగు ఉండే గుండ్రటి డబ్బీ. గడియారానికి తాళం తిప్పితే బిగిసేది ఆ స్ప్రింగే. అంత పాతదాన్ని కదిలిస్తే విరగొచ్చు. విరిగితే అది చేసుకోగలిగింది కాదు. నడిచేదాన్ని కెలకడమెందుకని వదిలేశాడు.

పొద్దున నుంచి గడియారం నిక్కచ్చిగా నడిచింది. మధ్యాహ్నం మూడున్నరకి బల్ల గడియారంతో నిమిషం తేడా లేదు. ఐదుకి చూస్తే పది నిమిషాలు వెనకుంది.

చక్రపాణి చేతిలోకి తీసుకున్నాడు. టిక్కు టిక్కు అంటూనే ఉంది. మళ్ళీ బల్ల మీద పెట్టి, ఈసారి ముట్టకుండా చూస్తూ కూర్చున్నాడు. కాసేపటికి సెకన్ల ముల్లు నిలిచిపోయింది. ఒక నిమిషం. రెండు. నాలుగు. వీధిలో లారీ పోయింది. బల్ల అదిరింది. ముల్లు కదిలింది.

అతను భూతద్దం మళ్ళీ కంటికి తగిలించుకుని వెనక మూత తెరిచాడు.

ఇది ఇరుసు పని కాదు. స్ప్రింగు పొరలు ఒకదానికొకటి అంటుకుని, సగం విడివడ్డాక పట్టేస్తున్నాయి. గడియారం ఆగుతుంది. శేషప్ప టైము చూద్దామని చేతిలోకి తీసుకోగానే ఆ కుదుపుకి నడుస్తుంది. ఆగినప్పుడు చూసిన కన్ను లేదు.

ఇక తప్పదు. డబ్బీ మూత లేపాడు. లోపల స్ప్రింగు పసుపూ ఆముదంలో, పాకంలో జిలేబీలా కూరుకుపోయి ఉంది. ఊపిరి బిగబట్టి ఒక్కొక్క చుట్టూ వదులుచేశాడు. ఎనిమిది చుట్లు. విరగలేదు. కడిగి, కొత్త నూనె అద్ది, మళ్ళీ చుట్టి పెట్టాడు. బుధవారం పొద్దున నుంచి సాయంత్రం దాకా గడియారం ఒక్క నిమిషం తప్పలేదు.

ఐదుకి శేషప్ప వచ్చాడు. చప్పుడు విని చెవి దగ్గర పెట్టుకున్నాడు. ముఖం విప్పారింది.

"శేషప్పా, ఒకటి అడుగుతాను. సాయంత్రం నాలుగు నుంచి ఎవరి వంతు?"

"నాదే. నాలుగు నుంచి ఆరు."

"ఆ తర్వాత?"

"ఉరుకుందమ్మది. చివరి చేను. ఎనిమిదికి కాలువ లస్కరు వచ్చి తూము మూసేస్తాడు. ఆయప్పకి సర్కారు పని, తన చేతి గడియారం సూసుకోనొస్తాడు. కొంచెం ముందే వస్తాడని మావాళ్ళు తిడతాంటారు."

చక్రపాణి భూతద్దం తుడిచి పక్కన పెట్టాడు. చెప్పకపోయినా ఏమీ కాదు. గడియారం ఇప్పుడు బాగుంది. రేపటి నుంచి ఎవరి నీళ్ళు వారికి పోతాయి.

"లస్కరు ముందు రాడం లేదు," అన్నాడు. "నీ గడియారమే నాలుగు దాటినాక ఆగి ఆగి నడిచింది. నీ రెండు గంటలు రెండుంబావు గంటలో, ఇంకా కాస్త ఎక్కువో పట్టేవి. ఆ పదిహేను ఇరవై నిమిషాలూ ఉరుకుందమ్మ వంతులోంచి పోయినాయి."

"పొద్దునకి ఎనకపడేది," అన్నాడు శేషప్ప మెల్లగా. "పంచాయతీ రేడియోతో కలుపుకుంటాంటి. ముసలిది గదా అనుకుంటి." ఆగాడు. "ఎన్నేండ్ల నుంచి?"

"చెప్పలేను. రెండో, ఐదో."

"ఆయమ్మ నాలుగేండ్ల నుంచి మొత్తుకుంటానే ఉండాది, చివరి సాళ్ళకి నీళ్ళెక్కలేదని. నీ గట్టు తెగిందేమో సూసుకోమ్మా అని సెప్పింది నేనే."

వీధిలో పకోడీల బండి గంట వాయించుకుంటూ పోయింది. శేషప్ప గడియారాన్ని తువ్వాల్లో పెట్టి ముడేశాడు. విప్పాడు. మళ్ళీ వేశాడు.

"ఇది బయటపడితే కాశప్ప ఊరుకోడు సామీ. వాని గడియారమే పళ్ళెంలోకి వస్తాది."

"నేనెవరికీ చెప్పను."

"నువ్వు సెప్పవు. నాకు తెల్సు." లేచి నిలబడ్డాడు. "పొద్దున మొదటి బస్సుకి రా. మిషను సంగతి నేను సెప్తే వాళ్ళకి అర్థం గాదు."

గురువారం పొద్దున తూము దగ్గర ఎనిమిది కుటుంబాల వాళ్ళూ పారలతో నిలబడ్డారు. లస్కరు చక్రం మీద చెయ్యేసి గడియారం పళ్ళెంలోకి రావడం కోసం చూస్తున్నాడు. శేషప్ప దాన్ని పళ్ళెంలో పెట్టలేదు. చేతిలోనే పట్టుకుని, ఉన్నదంతా చెప్పాడు. సాగదీయలేదు, ఏడవలేదు. చక్రపాణి స్ప్రింగు సంగతి రెండు ముక్కల్లో వివరించాడు.

"అట్లయితే ఇన్నాళ్ళూ నీళ్ళు కొట్టేసింది నువ్వన్నమాట మామా," అన్నాడు కాశప్ప, అంగీ చెయ్యి పైకి లాగి చేతి గడియారం అందరికీ కనబడేట్టు. "పోనీలే. రేపటి నుంచి నేను సూసుకుంటా."

"నువ్వొద్దప్పా," అంది ఉరుకుందమ్మ. నడివయసు మనిషి. చీర చెంగు నడుముకి బిగించి ఉంది. "ఆయన గడియారం ఆయనకి తెలీకుండా ఆగింది. నీది నీకు తెల్సే ఆగుతాది."

జనం నవ్వారు. లస్కరు కూడా నవ్వాడు. కాశప్ప అంగీ చెయ్యి కిందికి లాక్కున్నాడు.

ఉరుకుందమ్మ శేషప్ప వైపు తిరిగింది. ఆమె నవ్వలేదు. "నాలుగు పంటలన్నా. చివరి ఆరు సాళ్ళు నాలుగు పంటలు ఎండినాయి. గట్టు కాడ రాత్రిళ్ళు లాంతరు పెట్టుకోని బొక్కలు ఎతికినాను."

"అవునమ్మా."

"ఈ పంటకి నీ వంతులో ఇరవై నిమిషాలు నాకు ఇడువు."

"ఇడుస్తా."

"గడియారం గూడా నా కాడుంటాది. అది ఆగితే పోయేది నా నీళ్ళే గదా. నాకు తెలిసినంత బాగ ఇంకెవరికి తెలుస్తాది?"

కాలువలో నీళ్ళు తూము తలుపుకి కొట్టుకుంటున్న చప్పుడొక్కటే. శేషప్ప తండ్రి చేతి నుంచి తన చేతికి వచ్చిన గడియారం అది. గొలుసు వేళ్ళకి చుట్టుకుని ఉంది. ఒక్కొక్క చుట్టూ విప్పి, ఆమె చేతిలో పెట్టాడు.

"తాళం ఎట్ల తిప్పాల సామీ?" అని ఆమె చక్రపాణిని అడిగింది. అతను చూపించాడు. బిగిసిందని తెలియగానే ఆపాలని చెప్పాడు. ఆమె రెండుసార్లు చేసి చూపించి పళ్ళెంలో పెట్టింది. లస్కరు చక్రం తిప్పాడు.

చక్రపాణి తిరుగు బస్సెక్కలేదు. సాయంత్రం నాలుగు తర్వాత గడియారం ఏం చేస్తుందో కళ్ళారా చూడాలి. పగలంతా వేపచెట్టు నీడలో కూర్చున్నాడు. ఎవరో మజ్జిగ తెచ్చిచ్చారు. నాలుగైంది. ఉరుకుందమ్మ బండ మీద పళ్ళెం పక్కనే కదలకుండా కూర్చుని, ముట్టకుండా సెకన్ల ముల్లునే చూస్తోంది. ముల్లు తిరుగుతూనే ఉంది. ఐదు దాటింది. ఒక్కసారి కూడా నిలవలేదు.

శేషప్ప బుడ్డల చేలో వేరుశనగ సాళ్ళ వెంట నీళ్ళు పాకుతున్నాయి. ఇంకా రెండు సాళ్ళు మిగిలి ఉండగా అతను నడుం ఎత్తి, గట్టు మీది నుంచి పిలిచాడు.

"ఉరుకుందమ్మా, ఎంతాయె?"

"ఐదూ నలభై. పారెత్తన్నా."

శేషప్ప ఆ రెండు సాళ్ళ వంక ఒకసారి చూశాడు. మన్ను తెల్లగా నెర్రెలిచ్చి ఉంది. పార భుజానికెత్తుకుని నీళ్ళు మళ్ళించే మడవ దగ్గరికి నడిచాడు. తన చేనుకి పోయే దారిలో నాలుగు పెళ్ళలు మట్టి వేసి తొక్కాడు. ఆమె చేను వైపు గట్టు తెగ్గొట్టాడు. నీళ్ళు క్షణం సేపు తటపటాయించి, అటు తిరిగాయి.