పైడమ్మ కళ

మా అమ్మ పేరూ, మా ఆవిడ పేరూ కలిపి పడవకి పైడమ్మ కళ అని పెట్టాను. జంగ్లీఘాట్ రేవులో చేపల పెట్టెల మీద అంటించే చీటీలు మా అమ్మాయి లిఖిత కంప్యూటర్లో రాసిన బ్యాచ్ ఫైలే కొడుతుంది. ఇవాళ మా చీటీ మీద పడవ పైడమ్మ, చేప కళ అని వచ్చింది. పెట్టెలో ఉన్న వంజరం చేప మాటే లేదు.

"కళ అంటే కౌన్సీ మఛ్లీ భయ్యా?" అని, అదేం చేపో తేలక బేరగాడు పెట్టె ముట్టుకోలేదు. ఐసు కరిగిపోతోంది.

"చీటీ కొట్టే భాగాన్ని పిలిచి, పడవ పేరూ చేప పేరూ అందిస్తాం నాన్నా. మధ్యలో ఖాళీ కనబడితే, పడవ పేరు అక్కడికి అయిపోయిందనుకుంటాది, తర్వాతి మాటని చేప అనుకుంటాది," అంది లిఖిత. పడవ పేరుకి అటూ ఇటూ కొటేషన్లు పెట్టి, రెండు మాటల్నీ ఒకే పేరు చేసింది.

ఈసారి వంజరం అని పడింది. బేరగాడు పెట్టె ఎత్తుకున్నాడు.

ఇంట్లో ఆ అత్తాకోడళ్లిద్దరినీ కలిపి పిలిస్తే ఒక్కరూ పలకరు. కంప్యూటర్లో ఒక్కరెలా అయ్యారో నాకింకా తెలియలేదు.