బిషప్ దిగని ఉదయం

మంగళవారం పొద్దున్నే అసంప్టా రోచ్ ఎప్పటిలాగే ఆరు గుర్రాల కింద గడ్డి మార్చి, దాణా పెట్టి, బూట్ల బురద గడప దగ్గర తన్ని వదిలించుకుని టీ కలుపుకుంది. ఆమెకి అరవై రెండేళ్ళు. నోటికి మాత్రం ఇంకా ఇరవయ్యే.

ఆ ఆరింటిలో పందెపు గుర్రమని చెప్పుకోదగ్గది బిషప్ ఒక్కడే. ఐదేళ్ళవాడు. మిగతా ఐదూ దాణా తినడంలో ఛాంపియన్లు.

బిషప్ దూకితే వెంటనే దిగడు. పైకి లేచి, అక్కడ కాసేపుండి, బుద్ధి పుట్టినప్పుడు దిగుతాడు. మా వెక్స్‌ఫర్డ్ వైపు దాన్నెవరూ పెద్దగా పట్టించుకోలేదు. కొన్ని గుర్రాలు పళ్ళతో గొళ్ళెం తీస్తాయి, వీడు ఆలస్యంగా దిగుతాడు, అంతే. స్వారీ చేసే ఊనా, అసంప్టా మేనకోడలు, పైనున్నంతసేపూ పక్క పొలంలో ఎవరి దుప్పట్లు ఆరేసున్నాయో చూసొచ్చి చెప్పేది. హర్డిల్స్ పందేల్లో ప్రతి అడ్డం దగ్గరా వాడికి గుర్రం పొడవంత దూరం నష్టం. అయినా రెండు గెలిచాడు. నేల మీద ఆ పరుగు అలాంటిది మరి!

ఇప్పుడు వాడి దారేదో తేల్చాలి. హర్డిల్స్ నడుమెత్తు తడకలు, కాలు తగిలితే వాలిపోతాయి. పెద్ద కంచెలు వేరు. బర్చి చెట్టు కొమ్మలు బిగించి గుండెలెత్తు కడతారు. అవి వాలవు, తగిలితే గుర్రమే వాలాలి. బిషప్ తొడలూ ఆ భుజాలూ చూసినప్పుడల్లా అసంప్టాకి వాడు పెద్ద కంచెల కోసమే పుట్టాడనిపించేది.

యజమాని మాలకీ రాసిటర్‌కి ఆ మాటే గిట్టదు. ఇరవై ఏళ్ళ కింద అతని తమ్ముడు ఫింటన్ పెద్ద కంచె దగ్గరే గుర్రం మీంచి పడి చనిపోయాడు. బిషప్ హర్డిల్స్ తప్ప ఇంకేమీ దూకకూడదని మాలకీ పట్టు. వెంటనే దిగడం నేర్పే పెద్ద శిక్షకుడు కిల్డేర్‌లో ఉన్నాడట. బిషప్‌ని అక్కడికి తీసుకుపోడానికి మధ్యాహ్నానికి లారీ వస్తుంది. గుర్రం పోతే అసంప్టా శాల మూతపడ్డట్టే, ఊనా స్వారీ ముగిసినట్టే.

"పంపేముందు ఒక్కసారి పెద్ద కంచె దూకించి చూడు మాలకీ. భయమైతే టోపీ కళ్ళ మీదికి లాక్కో," అంది అసంప్టా, గుర్రాన్ని పంపడానికొచ్చిన మాలకీతో, టీ కప్పు పట్టుకుని పొలంలోకి నడుస్తూ.

"నీకు అచ్చం మీ నాన్న నోరే వచ్చింది."

"శాల కూడా ఆయనదే. రెండూ తుప్పు పట్టకుండా చూసుకుంటున్నా."

ఊనా బిషప్‌ని పొలం అంచునుంచి తిప్పుకొచ్చింది. వాడి చెవులు నిక్కబొడుచుకున్నాయి. ఇన్నాళ్ళూ తడకల్ని విసుగ్గా దాటినవాడు, పొలం మధ్యనున్న బర్చి కంచె కనబడగానే తన ఎత్తు మనిషి ఎదురైనట్టు మెడ సాచి, అడుగులు తనే కొలుచుకుని లేచాడు. ఆ లేవడం చూసి టీలో పాలు కావాలన్నా నోరు తెరవని మాలకీ నోరు తెరిచాడు.

"అబ్బ! ఏం గుర్రం!"

అంతటితో ఆపేశాడు.

మా వైపు ఏ ప్రాణినైనా మెచ్చుకుంటే, వెనకే "దేవుడు చల్లగా చూడాలి" అని తీరాలి, లేకపోతే దిష్టి. కోడిపెట్టకైనా సరే. మరిచిపోయి వెళ్ళేవాణ్ణి గేటు దగ్గర్నుంచి వెనక్కి పిలిచి మరీ అనిపిస్తారు.

బిషప్ దిగలేదు.

అసంప్టా కప్పులో టీ అయిపోయింది. బిషప్ ముందుకాళ్ళు ముడుచుకుని, కొమ్మల పైన ఓపిగ్గా నిలబడి ఉన్నాడు. ముక్కుల్లోంచి ఆవిరి వస్తోంది.

"అత్తా! ఇక్కడ గాలి కోసేస్తోంది!"

"కాలరెత్తుకుని కూచోవే! మాలకీ మావయ్య ఆలోచిస్తున్నాడు. టైము పడుతుంది." అసంప్టా అతని వైపు తిరిగింది. "అను."

"ఏమనాలి?"

"తెలీనట్టు నటించకు. నీకు నటన రాదు."

మాలకీ కంచె వైపే చూస్తూ అన్నాడు. "ఫింటన్ గుర్రమెక్కిన రోజు అన్నాను. టోపీ తీసి మరీ అన్నాను. అన్నందుకేమైంది? ఆ తర్వాత దేనికీ అనలేదు. నా పెళ్ళిలో పెళ్ళికూతురిక్కూడా."

"ఆవిణ్ణి అడిగితే అదీ చెబుతుంది." అని అసంప్టా గొంతు తగ్గించింది. "ఆ రోజు ఫింటన్ పడ్డ కంచె దగ్గర నేనూ ఉన్నాను మాలకీ. ఆ మాటని దేవుడికి లంచమనుకున్నావు నువ్వు. అది పైకి లేచినవాళ్ళు దిగడానికి మనం పరిచే గడ్డి. కొందరు దాని మీద పడరు. అయినా పరవాలి."

పైన ఊనా బిషప్ మెడ మీద చెయ్యి వేసింది.

మాలకీ టోపీ తీశాడు. జుట్టు ఎప్పుడో తెల్లబడిందని అసంప్టా అప్పుడే చూసింది.

"దేవుడు చల్లగా చూడాలి," అన్నాడు. మొదట గొంతులోనే. మళ్ళీ, బయటికి వినబడేలా. మూడోసారి గుర్రానికి కాదని అసంప్టాకి అర్థమై కప్పులోకి చూసుకుంది.

బిషప్ దిగాడు. రొట్టె మీద వెన్న రాసినంత మెత్తగా దిగి, నాలుగంగల్లో పరుగందుకుని, పొలం చివరిదాకా పోయాడు. అక్కడ రెండో కంచె ఉంది. దాన్ని ఎవరూ దూకమనలేదు. దూకాడు, అట్టే ఆగకుండా, నీళ్ళు పారినట్టు.

మాలకీ కళ్ళు తుడుచుకోలేదు. ఫోను తీసి కిల్డేర్‌కి కలిపాడు.

"లారీ పంపొద్దు. హర్డిల్స్ కాదు, పెద్ద కంచెలే. ఆ, స్వారీకి ఈ అమ్మాయే. ఎందుకంటే..." అని టోపీ మళ్ళీ పెట్టుకున్నాడు. "వాడు ఇక్కడ దిగాడు."